వాషింగ్టన్‌లో ఇనుప దిమ్మలు

2019 అక్టోబరులో నాన్నని తీసుకుని వాషింగ్టన్ వెళ్ళాను. ఆయన ముప్పై ఏళ్ళు విజయవాడ నుంచి లారీ నడిపిన మనిషి. రెండు రోజుల్లో చాలానే చూశాం. ఇంటికొచ్చాక ఆయన పదేపదే తలుచుకున్నది మాత్రం ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్ర మ్యూజియంలోని తుప్పు పట్టిన ఇనుప దిమ్మల్నే.

ప్రవేశం ఉచితం. మేం వెళ్ళింది శనివారం కాబట్టి ఫలానా టైముకి లోపలికి పంపే పాస్ ముందే తీసుకున్నాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులని చెప్పగానే వీల్‌చైర్ ఇచ్చారు. లిఫ్ట్ కిందికి దిగుతుంటే గోడమీద సంవత్సరాలు వెనక్కి పోతుంటాయి, పదిహేనో శతాబ్దం దాకా.

ఆ దిమ్మలు సావో జోసే అనే పోర్చుగీసు ఓడవి. 1794లో లిస్బన్‌లో బయల్దేరేటప్పుడు అలాంటివి 1,400కు పైగా ఎక్కించారట. మొజాంబిక్‌లో 400 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఎక్కించుకుని బ్రెజిల్ వెళ్తూ, డిసెంబరులో కేప్‌టౌన్ దగ్గర రాళ్ళకు కొట్టుకుని మునిగిపోయింది. మసక వెలుతురులో దిమ్మలు నల్లగా, ఉప్పునీరు తినేసి గుంటలు పడి ఉన్నాయి.

"మనుషుల్ని తీసుకెళ్ళే ఓడలో ఇంత ఇనుము దేనికమ్మా?" అన్నారు నాన్న. మనుషుల బరువు మామూలు సరుకంత ఉండదు, పైగా కదులుతుంటారు, ఓడ ఒరిగిపోకుండా అడుగున వేశారని చెప్పాను. ఆయనకి వెంటనే అర్థమైంది. లోడు చాలకపోతే బండి ఎలా ఎగురుతుందో ఆయనకి తెలుసు. "అంటే వీళ్ళని తూకం వేశారమ్మా" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. తూకానికి వేసిన ఇనుము దొరికింది, ఆ మనుషుల పేర్లు అక్కడ ఎక్కడా కనబడలేదు.

కింది అంతస్తులకే నాలుగు గంటలు పట్టింది. అంతకు తక్కువ సమయం ఉంటే వెళ్ళకండి. క్యాంటీన్ ఖరీదెక్కువే గానీ కార్న్‌బ్రెడ్ బాగుంది, నాన్న మళ్ళీ అడిగి తిన్నారు. మేం దిగిన ఆర్లింగ్టన్ హోటల్ మెట్రోకి దగ్గర, అదొక్కటే దాని మంచి. ముందే రూమ్ ఇస్తామని చెప్పి, పెద్దాయన్ని మూడు గంటలు లాబీలో కూర్చోబెట్టారు.

బయటికొచ్చే ముందు, పైకప్పు నుంచి నీళ్ళు జారే గుండ్రటి హాల్లో కాసేపు ఆగాం.

"ఆ ఓడలో వాళ్ళంతా పోయారా?"

"212 మంది పోయారు నాన్నా. కెప్టెన్, సిబ్బంది బతికారు."

"మరి మిగిలినవాళ్ళు?"

"ఒడ్డుకి చేరారు. వాళ్ళని కేప్‌లోనే మళ్ళీ అమ్మేశారు."

నాన్న చాలాసేపు ఆ నీళ్ళ దగ్గర నుంచి కదల్లేదు.