ఎస్‌డీఎన్‌లో లోడ్ బ్యాలెన్సింగ్: ఫ్లోకో రూల్ రాసే కంట్రోలరా, స్విచ్‌లోని సెలెక్ట్ గ్రూపా? ఏది మేలు?

ఎస్‌డీఎన్ అంటే, స్విచ్‌లు ఏం చేయాలో కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్ చెప్పే నెట్‌వర్క్. అందులో ఒక వర్చువల్ ఐపీ (క్లయింట్లకు కనిపించే ఉమ్మడి చిరునామా) వెనక నాలుగు సర్వర్లున్నాయి. కొత్త కనెక్షన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో ఎవరు తేల్చాలి? కంట్రోలర్, స్విచ్‌లు మాట్లాడుకునే ప్రోటోకాల్ ఓపెన్‌ఫ్లోలో ప్రధానంగా రెండు దారులు.

మొదటిది ఫ్లోకో రూల్, అంటే ఒక్కో కనెక్షన్‌కు విడిగా రూల్: తొలి ప్యాకెట్ ప్యాకెట్-ఇన్‌గా (ఏం చేయాలని స్విచ్ అడిగే సందేశంగా) కంట్రోలర్‌కు వెళ్తుంది. అది సర్వర్‌ను ఎంచుకుని రెండు రూల్స్ దింపుతుంది. ఒకటి వెళ్లే ప్యాకెట్లలో గమ్యం ఐపీ, మ్యాక్ (హార్డ్‌వేర్ చిరునామా) మారుస్తుంది. రెండోది సర్వర్ జవాబులో మూల ఐపీని తిరిగి వర్చువల్ ఐపీగా మారుస్తుంది. ఇది లేకపోతే, తను పిలవని ఐపీ నుంచి వచ్చిన జవాబును క్లయింట్ పట్టించుకోదు.

సర్వర్ల అప్పటి లోడ్ చూసి పంపగలగడం ఈ పద్ధతికి పెద్ద బలం. చిక్కంతా లెక్కలో ఉంది. సెకనుకు 500 కొత్త కనెక్షన్లు, ఐడిల్ టైమవుట్ (ప్యాకెట్లు రాని రూల్‌ను చెరిపేసే గడువు) 60 సెకన్లు అనుకోండి. ఎంత చిన్న కనెక్షనైనా, దాని రూల్స్ కనీసం 60 సెకన్లు టేబుల్లో కూర్చుంటాయి: 500 × 60 × 2, అంటే 60,000 ఎంట్రీలు. కొన్ని వేల ఎంట్రీలకే టీక్యామ్ (రూల్స్ దాచే ప్రత్యేక మెమరీ) నిండిపోయే హార్డ్‌వేర్ స్విచ్‌లు చాలానే ఉన్నాయి. పోనీ అని టైమవుట్‌ను 5 సెకన్లకు తగ్గిస్తే, కాసేపు మౌనంగా ఉన్న కనెక్షన్ రూల్ చెరిగిపోతుంది. తర్వాతి ప్యాకెట్ మళ్లీ కంట్రోలర్‌కు చేరుతుంది. అది పాత ఎంపికను గుర్తుపెట్టుకోకుండా వేరే సర్వర్‌కు పంపితే, ఆ సర్వర్ రీసెట్ కొట్టి కనెక్షన్ తెంచేస్తుంది.

రెండో దారి సెలెక్ట్ గ్రూప్. ఇది ఓపెన్‌ఫ్లో 1.1తో వచ్చింది. సర్వర్‌కో బకెట్ (ఆ సర్వర్‌కు పంపే చర్యల జాబితా), బకెట్‌కో వెయిట్ (దాని వాటా), ఎంపిక స్విచ్‌లోనే. ఎలా ఎంచాలన్నది స్పెసిఫికేషన్ స్విచ్‌కే వదిలేసింది, కాబట్టి వెర్షన్ చూసుకోవాల్సిందే. ఓపెన్ విస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్ 2.3 వరకూ గమ్యం మ్యాక్ ఒక్కదాన్నే చూసేది. వర్చువల్ ఐపీకి వచ్చే ప్యాకెట్లన్నిటికీ ఆ మ్యాక్ ఒకటే కాబట్టి భారమంతా ఒకే సర్వర్ మీద పడేది! 2.4 నుంచి ఐపీలు, టీసీపీ పోర్టులు కూడా లెక్కలోకి వచ్చాయి.

బకెట్ చేర్చినా తీసినా హ్యాష్ (ఐపీలు, పోర్టుల నుంచి లెక్కగట్టే సంఖ్య) పంపకం మారి, నడుస్తున్న కనెక్షన్లు తెగొచ్చు. బకెట్లో కనెక్షన్ ట్రాకింగ్‌తో (నడుస్తున్న కనెక్షన్లను గుర్తుపెట్టుకోవడంతో) నాట్ (చిరునామా మార్పిడి) పెడితే పాతవి పాత సర్వర్‌తోనే ఉంటాయి. ఓపెన్ విస్విచ్ మీద నడిచే ఓవీఎన్ చేసేది ఇదే. బకెట్‌కు పెట్టే వాచ్ పోర్ట్ (స్విచ్ కనిపెట్టుకుని ఉండే పోర్ట్) లింక్ తెగితేనే గుర్తిస్తుంది. ప్రాసెస్ చచ్చి లింక్ బతికున్న సర్వర్‌ను కంట్రోలరే హెల్త్ చెక్‌తో పట్టి బకెట్ తీసేయాలి.

చిన్న కనెక్షన్లు వెల్లువలా వచ్చే చోట సెలెక్ట్ గ్రూపే నా ఓటు. కనెక్షన్లు తక్కువగా, దీర్ఘంగా ఉంటేనే ఫ్లోకో రూల్ గిట్టుబాటు.

ఏది ఎంచుకున్నా వర్చువల్ ఐపీ ఏ సర్వర్‌దీ కాదు, కాబట్టి దాని ఏఆర్‌పీకి (ఈ ఐపీ మ్యాక్ ఏదని అడిగే ప్రశ్నకు) కంట్రోలరో స్విచ్ రూలో జవాబివ్వాలి. ఓపెన్‌ఫ్లో 1.3లో టేబుల్-మిస్ ఎంట్రీ (ఏ రూల్‌కూ తగలని ప్యాకెట్‌ను ఏం చేయాలో చెప్పేది) పెట్టకపోతే, సరిపడే రూల్ లేని ప్యాకెట్ మామూలుగా డ్రాప్ అవుతుంది. అలాంటప్పుడు ఫ్లోకో రూల్ పద్ధతిలో తొలి ప్యాకెట్ కంట్రోలర్ దాకా రానేరాదు.