ఓఎస్ సబ్జెక్టు ఒంటబట్టాలంటే ఏది మేలు: ఎక్స్‌వీ6నా, లైనక్స్ కోడా, సొంత కెర్నలా?

ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులు మొదలైన రెండు మూడు వారాలకే క్లాసులో గుంపులు తయారవుతాయి. షెడ్యూలింగ్ (ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడవాలి) లెక్కలు, పేజీ రీప్లేస్‌మెంట్ (మెమరీ నిండితే ఏ పేజీని తీసేయాలి) లెక్కలు బాగా ప్రాక్టీస్ చేసి గట్టెక్కేద్దాం అనేవాళ్లు ఒక గుంపు. చదివితే అసలు సిసలు లైనక్స్ కోడే చదవాలి, ఈ బొమ్మ ఓఎస్‌లు మనకెందుకు అనేవాళ్లు ఇంకో గుంపు. మూడో గుంపు ఇంకా ఘనం, ఏకంగా సొంత ఓఎస్ రాసేస్తామని బూట్‌లోడర్‌తో (మెషీన్ ఆన్ కాగానే ఓఎస్‌ని మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) కూర్చుంటుంది. నేను వరసగా ఈ మూడు గుంపుల్లోనూ తిరిగొచ్చాను, చివరికి సబ్జెక్టు బుర్రకెక్కింది మాత్రం ఆ బొమ్మ ఓఎస్ అన్నదాని దగ్గరే, అంటే పాఠాల కోసమే రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఓఎస్ దగ్గరే. కాబట్టి కింద రాసినదాంట్లో నా పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నా.

లెక్కల సంగతి తొందరగా తేల్చేద్దాం. వాటిని తీసిపారేయను. 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే పేజీల వరసను ఫిఫో (ముందు వచ్చినదాన్నే ముందు తీసేసే) పద్ధతిలో మూడు ఫ్రేములతో (పేజీ పట్టే మెమరీ గళ్లు) వేస్తే 9 పేజీ ఫాల్టులు (కావాల్సిన పేజీ మెమరీలో లేకపోవడం) వస్తాయి, ఫ్రేము ఒకటి పెంచి నాలుగు ఇస్తే తగ్గాల్సింది పోయి 10 అవుతాయి. ఇది కాగితం మీద గీసుకుంటే తప్ప నమ్మబుద్ధి కాదు. కానీ షార్టెస్ట్ జాబ్ ఫస్ట్ (చిన్న పనిని ముందు నడిపే) లెక్కలో ప్రతి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పక్కనా బర్స్ట్ టైమ్ (దానికి పట్టే సమయం) రాసిపెట్టి ఉంటుంది కదా, నిజం మెషీన్‌లో అది ఎవరు చెబుతారు? ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగి ఇరుక్కుపోకుండా చూసే బ్యాంకర్స్ అల్గారిథమ్ కూడా అంతే, నాకు మొత్తం ఇంత కావాలని ప్రతి ప్రాసెస్ ముందే చెప్పాలి, మనం రోజూ వాడే సిస్టమ్స్ ఆ జోలికే పోవు. పరీక్ష కోసం చేయండి. కాంటెక్స్ట్ స్విచ్‌లో (ప్రాసెసర్ ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి మారడంలో) ఏం జరుగుతుంది అని ఎవరైనా అడిగితే మాత్రం ఈ లెక్కలు ఆదుకోవు. నన్ను అడిగారు, "ఒకటి ఆగి ఇంకోటి నడుస్తుందండీ" అన్నాను, "అదే, ఎలా?" అన్నారు, అక్కడితో నా పని అయిపోయింది.

ఆ దెబ్బకి లైనక్స్ కోడ్ తెరిచాను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదట బయటపెట్టినప్పుడు అది దాదాపు 10 వేల లైన్లు, ఇప్పుడు కోట్లలో ఉంది. అందులో పెద్ద వాటా డ్రైవర్లదే అనుకోండి, అయినా మిగిలింది తక్కువేం కాదు. ప్రాసెస్ అంటే ఏమిటో చూద్దామని దాని వివరాలన్నీ ఉండే టాస్క్ స్ట్రక్ట్ తెరిస్తే ఒక్క స్ట్రక్చరే వందల లైన్లు, మధ్యమధ్యలో ఫలానా కాన్ఫిగరేషన్ ఉంటేనే ఈ ముక్క అనే షరతులు. ఒక ఫంక్షన్ పట్టుకుని లోపలికి వెళ్తే అది మాక్రో, మాక్రో విప్పితే ఫంక్షన్ పాయింటర్, ఆ పాయింటర్‌లో ఏముందో తెలియాలంటే ఇంకో డైరెక్టరీ. పైగా అది ఒకచోట నిలవదు. 2007లో వచ్చిన సీఎఫ్ఎస్ షెడ్యూలర్ గురించి నోట్సు రాసుకుంటే, 2023లో 6.6 వెర్షన్‌తో దాని స్థానంలోకి ఈఈవీడీఎఫ్ వచ్చింది. మొదటిసారి నేర్చుకునేవాడికి ఇది సముద్రంలో ఈత నేర్పినట్టు ఉంటుంది.

అలాగని లైనక్స్‌ని పక్కన పెట్టమనను. కోడ్ చదవడానికి కాకుండా కళ్లతో చూడడానికి దాన్ని మించింది లేదు. ఒక మామూలు కమాండ్ ముందు స్ట్రేస్ అనే టూల్ పెట్టి నడపండి, ఫైళ్ల పేర్లు చూపించే చిన్న ప్రోగ్రామ్ కూడా కెర్నల్‌ని, అంటే ఓఎస్ గుండెకాయని, ఎన్నిసార్లు పిలుస్తుందో బారులు బారులుగా కనిపిస్తుంది. దీనికి అరగంట చాలు.

ఇక సొంత ఓఎస్. ఉత్సాహం ఎక్కువ, ఫలితం ఆలస్యం. పాత బయోస్ పద్ధతిలో మీకు మొదట దొరికేది 512 బైట్లు, అందులో చివరి రెండు బైట్లు ఇది బూట్ సెక్టారే అని చెప్పే గుర్తుకే పోతాయి. అక్కడి నుంచి 16 బిట్ మోడ్, ఏ20 లైను, డిస్క్రిప్టర్ టేబుల్ (మెమరీ భాగాల వివరాల పట్టిక), ప్రొటెక్టెడ్ మోడ్ (మెమరీకి రక్షణ ఉండే మోడ్). ఈ ఏ20 కథ వింటే నవ్వొస్తుంది: ఇంటెల్ పాత 8086 ప్రాసెసర్‌లో అడ్రస్ 1 ఎంబీ దాటితే మళ్లీ సున్నాకి తిరిగేది, దాని మీద ఆధారపడిన ప్రోగ్రామ్‌లు పాడవకూడదని తర్వాతి మెషీన్లలో ఆ అడ్రస్ లైనుకి ఒక స్విచ్ పెట్టారు, ఆ స్విచ్‌ని తీసుకెళ్లి కీబోర్డ్ కంట్రోలర్‌కి తగిలించారు. మెమరీ పూర్తిగా వాడుకోవాలంటే కీబోర్డ్ చిప్‌ని బతిమాలాలన్నమాట. డిస్క్రిప్టర్ టేబుల్‌లో ఒక్క బిట్ తప్పు పడినా ట్రిపుల్ ఫాల్ట్, అంటే ప్రాసెసర్ చేతులెత్తేసి రీసెట్ అయిపోతుంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ ఉండదు, మెషీన్‌లా నటించే క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్ విండో ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, మీరు దాన్ని చూస్తూ కూర్చుంటారు. నేను మూడు వారాలు కూర్చున్నాను. తెర మీద ఒక అక్షరం పడిన రోజు పండగే, కాదనను, కానీ ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నది ఇంటెల్ చిప్‌ల చరిత్ర. షెడ్యూలర్ దాకా వెళ్లనే లేదు. సెలవుల్లో చేయండి, బూట్ పని గ్రబ్ అనే రెడీమేడ్ బూట్‌లోడర్‌కి వదిలేసి చేయండి, సెమిస్టర్ మధ్యలో మాత్రం వద్దు.

ఎక్స్‌వీ6ని 2006లో ఎంఐటీలో వాళ్ల ఓఎస్ కోర్సు కోసం తయారు చేశారు. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ పోలికలోనే, ఇప్పటి సీ భాషలో రాశారు. మొదట ఎక్స్86 (ఇంటెల్ తరహా) ప్రాసెసర్ల మీద ఉండేది, తర్వాత రిస్క్-వీ అనే ఇంకో తరహా ప్రాసెసర్‌కి మారింది. కెర్నల్ అంతా కలిపినా 10 వేల లైన్ల లోపే, కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. తప్పు చేస్తే పానిక్ అని ఏ ఫంక్షన్‌లో ఆగిందో చెబుతుంది, ట్రిపుల్ ఫాల్ట్ చూసొచ్చినవాడికి ఇది అమృతం.

నన్ను ఇబ్బంది పెట్టిన ఆ "ఎలా?"కి జవాబు ఇక్కడ ఒక చిన్న అసెంబ్లీ ఫైలులో ఉంది. 14 రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గళ్లు) దాస్తుంది, ఇంకోచోటి నుంచి అవే 14 రిజిస్టర్లు నింపుతుంది, రిటర్న్ అవుతుంది. అంతే. నింపినవాటిలో రిటర్న్ అడ్రస్, స్టాక్ పాయింటర్ కూడా ఉన్నాయి కాబట్టి, పిలిచింది ఒకరైతే తిరిగి వెళ్లేది ఇంకొకరి దగ్గరికి. రిజిస్టర్లు 32 ఉండగా 14 మాత్రమే ఎందుకు అని నేను ఒక రోజంతా కొట్టుకున్నాను. ఇది మామూలు ఫంక్షన్ కాల్ కదా, మిగతావాటిలో అవసరమైనవాటిని పిలిచేముందే కంపైలర్ స్టాక్‌లో దాచేసి ఉంటుంది! ప్రోగ్రామ్ ఎక్కడిదాకా నడిచిందో చెప్పే ప్రోగ్రామ్ కౌంటర్‌ని విడిగా దాచక్కర్లేదు, రిటర్న్ అడ్రసే ఆ పని చేస్తుంది. పుస్తకంలో పీసీబీ (ప్రాసెస్ వివరాల పట్టిక) బొమ్మ ఎన్నిసార్లు గీసినా రాని సంగతి ఇది.

కాపీ ఆన్ రైట్ ల్యాబ్ ఇంకో మెట్టు పైన. ఫోర్క్ చేసినప్పుడు (ఒక ప్రాసెస్ తన నకలును పుట్టించినప్పుడు) మెమరీ మొత్తం కాపీ చేయకుండా తల్లి, పిల్ల ప్రాసెస్‌లకు అవే పేజీలు రీడ్ ఓన్లీగా ఇవ్వాలి, ఎవరైనా రాయబోతే పేజీ ఫాల్ట్ వస్తుంది (ఈసారి పేజీ లేక కాదు, రాసే అనుమతి లేక), అప్పుడు కాపీ చేయాలి. వినడానికి ఎంత సులువు! నాకు మొదటి రెండు టెస్టులూ పాసయ్యాయి, ఫైల్ టెస్ట్ మాత్రం రెండు రాత్రులు మింగేసింది. యూజర్ ప్రోగ్రామ్ రాస్తే ఫాల్ట్ వస్తుంది సరే, రీడ్ కాల్‌లో యూజర్ బఫర్‌లోకి రాసేది కెర్నల్. అది కాపీఅవుట్ అనే ఫంక్షన్‌లో పేజీ టేబుల్‌ని (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టిక) తనే నడిచి, ఫిజికల్ అడ్రస్ కనుక్కుని నేరుగా రాసేస్తుంది. నా దగ్గరున్న వెర్షన్‌లో అది రైట్ బిట్ (రాయొచ్చో లేదో చెప్పే గుర్తు) చూసేది కాదు, కాబట్టి ఫాల్ట్ రాదు, పంచుకున్న పేజీ మీదే గీత పడిపోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. షెడ్యూలర్ ఉత్త రౌండ్ రాబిన్ (వరసగా తలా కాసేపు), ప్రయారిటీలు లేవు. ప్రాసెస్‌లు 64కి మించవు, ఫైల్ సైజు 268 కేబీ దాటదు, స్వాప్ (పేజీలను డిస్క్‌కి పంపి మళ్లీ తెచ్చుకోవడం) లేదు కాబట్టి పేజీ రీప్లేస్‌మెంట్ చాప్టర్‌ని దీంట్లో చూడలేరు. ఆ ఒక్క చాప్టర్‌కి మళ్లీ కాగితం మీది లెక్కలే గతి. మీ కోర్సులో స్టాన్‌ఫర్డ్ వాళ్ల పింటోస్ పెట్టి ఉంటే దాన్ని వదిలేసి ఇటు రావాల్సిన పని కూడా లేదు, అదీ ఇదే తరహా.

కాబట్టి ఒక్క సెమిస్టరే ఉంటే నా ఓటు ఎక్స్‌వీ6కే, పక్కన స్ట్రేస్, పరీక్షకి వారం ముందు లెక్కలు. మొదటి రోజు ఏం చేయాలంటారా, కొత్త సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పిలిచే పిలుపు) ఒకటి కలపండి. ఐదు ఫైళ్లు ముట్టుకోవాలి, ఐదింటిలో ఒకటి ఖాయంగా మరిచిపోతారు. కెర్నల్‌లోని సిస్టమ్ కాల్ పట్టికలో చేర్చడం మరిచిపోతే, అప్పటికే 21 కాల్స్ ఉన్నాయి కాబట్టి, "అన్‌నోన్ సిస్ కాల్ 22" అని తెర మీద పడుతుంది. కంగారు పడకండి, మీ పిలుపు కెర్నల్ లోపలి దాకా వెళ్లింది, అక్కడి పట్టికలో దాని పేరు లేదు, అంతే.