పాత గోదావరి మ్యాపు తెప్పించా, మార్జిన్ ఎందుకు కోశారో మరి

హాల్లో గోడకి పెడదామని పాత సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు ప్రింటు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టానండి, మన డెల్టాది, అంగుళానికి నాలుగు మైళ్ళ స్కేలు, ఫ్రేముతో కలిపి 1,450 పడింది. ప్రింటుకి వంక పెట్టలేను. కాలవలు వెంట్రుకంత సన్నగా ఉన్నా ఎక్కడా అలుక్కుపోలేదు, ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గౌతమి ఒక వైపు వసిష్ఠ ఒక వైపు చీలడం, కిందకొచ్చాక వసిష్ఠలోంచి వైనతేయ విడిపోడం, మధ్యలో లంకలు, అన్నీ తేటగా కనిపిస్తున్నాయి. కాకినాడని కోకనాడ అనే రాసుంది. ఎత్తు చూపించే గోధుమరంగు గీతల కోసం కోనసీమంతా వెతికా, మన చదునుకి ఒక్కటి దొరికితే ఒట్టు.

కడుపుమంట ఎక్కడంటే, ఫ్రేములో పట్టించడానికి చుట్టూ మార్జిన్ కోసేశారండి! సర్వే ఏ సంవత్సరం, అచ్చు ఏ సంవత్సరం, గుర్తుల పట్టిక, అన్నీ అక్కడే కదా ఉండేది. పాత మ్యాపు కొనేదే ఆ తారీఖు కోసం. సరే అని రైలు గీతలు పట్టుకుని కూర్చున్నా. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా లైను గీసుంది. ఆ లైను వేసింది 1928లో, రెండో ప్రపంచ యుద్ధం కోసమని 1940లో పట్టాలు పీకేశారు, మళ్ళీ రైలొచ్చింది 2004లోనే, మా తాతయ్య ఆ పట్టాల సంగతి తెగ చెప్పేవారు. అంటే నా మ్యాపులో ఉన్నది ఆ పన్నెండేళ్ళ మధ్య కాలం అన్నమాట. అంచనాయే అనుకోండి, అయినా భలే సరదా వేసింది.

ఇంకోటి, రెండు షీట్లు అతికించారు, ఈ షీట్లు డిగ్రీ గీతల దగ్గరే ముగుస్తాయి, 82 డిగ్రీల రేఖాంశం గీత సరిగ్గా అమలాపురం పక్కనుంచే పోతుంది కాబట్టి అతుకు మా ఊరి మీదే పడింది, ఏం చేస్తాం. 17 డిగ్రీల అక్షాంశం గీతేమో రాజమండ్రి మీదుగా పోతుంది, అందుకని పై అంచులో ఊరు తెగింది, అక్కడి పాత రైలు వంతెన హేవలాక్ పూర్తిగా కావాలంటే పై షీటు కూడా కొనుక్కోవాలి.

డబ్బు పెట్టడం ఇష్టం లేనోళ్ళు అమెరికా ఆర్మీ 1950ల్లో వేసిన 1:2,50,000 స్కేలు షీట్లు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్లో ఫ్రీగా దింపుకోవచ్చు, వాటికి మార్జిన్ కూడా ఉంటుంది, కాకపోతే అవి తర్వాతి కాలం మ్యాపులు.

షాపు వాళ్ళకి మెసేజ్ పెడితే "మార్జిన్ ఉంచితే ఫ్రేము సైజు కుదరదండి" అన్నారు. ఫ్రేమే వద్దు, షీటు కొయ్యకుండా చుట్టి పంపండని పై షీటు ఆర్డర్ పెట్టా.