గ్రాఫ్‌విజ్‌తో కోడ్ బొమ్మలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ముందే తేల్చి చెప్పేస్తాను: కొత్త కోడ్‌బేస్ (ఒక ప్రాజెక్టు కోడ్ మొత్తం) చేతికొస్తే నేను మొదట తెరిచేది గ్రాఫ్‌విజే. కానీ ప్రాజెక్టు మొత్తాన్ని ఒకే బొమ్మలో చూద్దామనుకునేవాళ్లకి నిరాశ తప్పదు.

1990ల మొదట్లో అమెరికా టెలికాం కంపెనీ ఎటి అండ్ టి పరిశోధకులు మొదలుపెట్టిన, పెట్టెలు, బాణాలతో బొమ్మ గీసిపెట్టే ఓపెన్ సోర్స్ సాధనం ఇది. మౌస్‌తో పెట్టెలు లాగే పని లేదు. దాని సొంత డాట్ భాషలో ‘ఆర్డర్ -> పేమెంట్’ (అంటే ఆర్డర్ అనే మాడ్యూల్, అదే కోడ్ ముక్క, పేమెంట్ మీద ఆధారపడుతుంది) అని రాసుకుంటూ పోతే ఏ పెట్టె ఎక్కడుండాలో అదే చూసుకుంటుంది. ఉన్నది టెక్స్ట్ ఫైలే కాబట్టి కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కోడ్ పక్కనే పెట్టుకోవచ్చు. రివ్యూలో కొత్తగా వచ్చిన బాణం ఇట్టే కనిపిస్తుంది. ఆ ఫైల్ చేత్తో రాయక్కర్లేదు కూడా, ఏ ఫైల్ దేన్ని వాడుకుంటుందో చెప్పే ఇంపోర్ట్ లైన్లు ఏరుకొచ్చే చిన్న స్క్రిప్ట్ చాలు.

చిక్కంతా ఇక్కడే. వందల మాడ్యూళ్లు ఒకేసారి ఇస్తే వచ్చేది దువ్వని జుట్టు. డెమోలో చూపించుకోవడానికి బాగుంటుంది, బగ్ వెతకడానికి పనికిరాదు. అందుకే ‘ఈ మాడ్యూల్ మారిస్తే ఏవేవి దెబ్బతింటాయి?’ లాంటి ఒక్క ప్రశ్న పెట్టుకుని, దాని మీద ఆధారపడేవాటిని ఒకటి రెండు అంచెల వరకు ఉంచి మిగతావి తీసేస్తాను.

దీంతోపాటే వచ్చే ట్రెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకైతే అదే ఎక్కువ ఇష్టం. ఆర్డర్ నుంచి పేమెంట్ మీదుగా లాగ్‌కి దారి ఉంటే, ఆర్డర్ నుంచి లాగ్‌కి నేరుగా ఉన్న బాణాన్ని తీసేస్తుంది. బొమ్మ తేలికపడుతుంది. మాడ్యూళ్లు ఒకదాని మీద ఒకటి చక్రంలా ఆధారపడి ఉంటే హెచ్చరిస్తుంది కూడా. చాలాసార్లు బొమ్మకన్నా ఆ హెచ్చరికే విలువైనది. అయితే తీసేసిన బాణాలు కోడ్‌లో అలాగే ఉంటాయి, అది మర్చిపోతే టెన్షనే.

విసిగించేది లేఅవుట్. ఒక్క బాణం కలిపితే చాలు, నిన్న పైన ఎడమవైపున్న పెట్టెని ఇవాళ కింద ఎక్కడో వెతుక్కోవాలి. మెసేజ్ క్యూల (సందేశాల వరసల) ద్వారా, రన్‌టైమ్‌లో (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు) లోడయ్యే ప్లగిన్ల ద్వారా నడిచేవి ఇంపోర్ట్ లైన్లలో ఉండవు కాబట్టి బొమ్మలోకీ రావు. అది గ్రాఫ్‌విజ్ తప్పు కాదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు టైమ్ ఎక్కడ పోతోందో తెలియాలంటే పెర్ఫార్మెన్స్ ఇంజినీర్ బ్రెండన్ గ్రెగ్ 2011లో తయారుచేసిన ఫ్లేమ్ గ్రాఫ్ చూడాలి. (అందులో ఎడమ నుంచి కుడికి ఉన్నది కాలక్రమం కాదు. వెడల్పు చెప్పేది, ప్రోగ్రామ్ నడుస్తుండగా మధ్యమధ్యలో తీసిన శాంపిళ్లలో ఆ ఫంక్షన్ ఎన్నింట్లో కనిపించిందన్నదే.)

రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్‌లో) నాలుగైదు పెట్టెలకైతే టెక్స్ట్ నుంచే బొమ్మ గీసే మెర్మెయిడ్ చాలు, గిట్‌హబ్ 2022 నుంచి నేరుగా చూపిస్తోంది. అంతకు మించితే డాట్ ఫైల్‌ని ట్రెడ్‌లోంచి పంపి ఎస్‌వీజీగా (బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మ ఫైల్‌గా) తీసుకోండి. పెట్టెలకి లింకులు పెట్టుకుంటే, నొక్కగానే ఆ సోర్స్ ఫైల్ తెరుచుకుంటుంది.