మెదక్ చర్చి, గుణదల కొండ: అమ్మతో నాలుగు రోజులు

నాన్న పోయి ఎనిమిది నెలలైంది. పంతొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆ పంతొమ్మిది రోజులూ అమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తూనే ఉంది. ఫోన్ చేసినవాళ్లందరూ "లేచి వస్తారక్కా, స్వస్థత వచ్చేసిందని నమ్ము" అన్నారు. నాన్న లేవలేదు. భూస్థాపన అయిన వారానికి ఒకాయన ఇంటికొచ్చి, "విశ్వాసంలో ఎక్కడో లోపం జరిగిందమ్మా" అని చెప్పి, టీ తాగి వెళ్లాడు. ఆ రోజు నుంచి అమ్మ బైబిలు ముట్టుకోలేదు. ఆదివారం నేను తయారై పిలిస్తే "నువ్వెళ్లిరా" అనేది, అంతే.

నాన్న ప్రతి డిసెంబరులో "ఈసారి క్రిస్మస్‌కి మెదక్ వెళ్దాం" అనేవారు. ప్రతిసారీ ఏదో పని అడ్డొచ్చేది. ఆ మాట పట్టుకునే అమ్మని ఒప్పించాను. ప్రార్థనకి రమ్మనలేదు, చూసొద్దాం రమ్మన్నాను.

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మెదక్‌కి బస్సులున్నాయి. దాదాపు వంద కిలోమీటర్లు, మాకు మూడు గంటలు పట్టింది. ఆధార్ చూపిస్తే తెలంగాణ ఆడవాళ్లకి ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్ ఇస్తారు. రద్దీ కూడా అలాగే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు తెల్లారుజామునే బయల్దేరండి, లేకపోతే దారంతా నిలబడాలి.

బస విషయం ముందే చెప్పేస్తాను. మెదక్‌లో మేం దిగిన లాడ్జి బాగాలేదు. వెయ్యి రూపాయలు తీసుకుని, పనిచెయ్యని గీజరు, మరకల దుప్పటి ఇచ్చారు. అడిగితే వేడినీళ్లు బకెట్టుతో పంపారు, అదొక్కటే మంచి. చర్చి చూడ్డానికే అయితే సాయంత్రానికి వెనక్కి వచ్చెయ్యడం మేలు. ఆదివారం ఆరాధనకి ఉండాలంటే మాత్రం గది ముందే కనుక్కుని, చూసుకుని దిగండి.

చర్చి దూరం నుంచే కనిపిస్తుంది. గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల ఐదువేల మంది కూర్చోవచ్చంటారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కట్టించారు. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఈ లెక్కలన్నీ చెప్తుంటే అమ్మ వింటున్నట్టే లేదు. కరువు సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆగింది. అప్పట్లో ఈ ప్రాంతంలో కరువొచ్చి జనం తిండికి అల్లాడుతుంటే, వాళ్లకి పని కల్పించి, ఆ పనికి తిండి పెట్టారు. ఈ గోడలు అలా లేచాయి.

అమ్మ గోడ దగ్గరికి వెళ్లింది. ఒక రాయి మీద అరచెయ్యి పెట్టి, ఉలి పడిన గరుకుని వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడింది. "ఇది మోసినవాడు ఆ పూట అన్నం తిన్నాడన్నమాట" అంది. ఎనిమిది నెలల్లో దేవుడి ఇంటి గురించి ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. ఆకలితో ఉన్నవాళ్లని నమ్మకం చాలలేదని ఎవరూ నిందించలేదు ఇక్కడ, కూడు పెట్టి చేతికి పని ఇచ్చారు. నాకు ఆ గోపురం కన్నా ఈ సంగతే పెద్దదనిపించింది.

లోపల బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, ఒక పక్క ఆయన జననం, ఇంకో పక్క సిలువ, మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. బయటి ఎండతోనే వెలుగుతాయి కాబట్టి పగలే వెళ్లాలి, చీకటి పడ్డాక బొమ్మలు కనపడవు. అమ్మ సిలువ కిటికీ ఎదురుగా కూర్చుంది. లేవమని నేను అనలేదు.

ఆ రాత్రి లాడ్జిలో మెలకువ వచ్చేసరికి అమ్మ మంచం చివర కూర్చుని మెల్లగా మాట్లాడుతోంది. నాతో కాదు. "ఎందుకు తీసుకెళ్లావయ్యా? నేనేం తప్పు చేశాను? ఒక్కసారి చెప్పు" అంటోంది. కోపంగానే అంటోంది. నేను కళ్లు తెరవలేదు. బైబిల్లో కీర్తనల గ్రంథం నిండా ఎన్నో ఇలాంటి మొరలేగా! ఎంతకాలమయ్యా, ఎందుకు మొహం దాచుకున్నావు అని అడిగినవాళ్లని ఆయన తరిమెయ్యలేదు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతన్ని బతికించి లేపబోతూ కూడా, యేసు ఏడ్చాడు. ఈ మాట మా ఇంటికొచ్చినాయన అమ్మకి చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఆదివారం ఆరాధనలో అమ్మ పక్కన ఓ పెద్దావిడ కూర్చుంది. "ఎక్కడి నుంచి వచ్చిన్రు బిడ్డా?" అంది. అమ్మ మెడలో, చేతుల్లో ఏమీ లేకపోవడం చూసింది, ఇంకేం అడగలేదు. అమ్మ కళ్లజోడు లాడ్జిలోనే మర్చిపోయింది. పాట మొదలవగానే ఆవిడ తన పాటల పుస్తకం ఇద్దరి మధ్యా పెట్టి, ఒక్కో లైను కింద వేలు జరుపుతూ వెళ్లింది. ఆ పాట అమ్మకి కంఠతా వచ్చు. అయినా ఆ వేలి వెంటే చూసింది. మూడో చరణానికి గొంతు కలిపింది. వెళ్లేటప్పుడు ఆవిడ తన ఫోన్ నంబరు కాయితం మీద రాయించి ఇచ్చి, "పండక్కి రాండ్రి" అంది.

సోమవారం రైల్లో విజయవాడ వెళ్లాం. స్టేషన్ దగ్గర గది బాగుంది, లిఫ్టు ఉంది, నీళ్లకి లోటు లేదు. బస వరకు చూస్తే మెదక్ కన్నా ఇక్కడే హాయి.

విజయవాడలోని గుణదల మాతది కథోలిక పుణ్యక్షేత్రం, మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ సంఘం. "మనం మాతకి మొక్కం కదే" అని అమ్మ సందేహించింది. చూద్దువుగాని రమ్మన్నాను. ఇక్కడి అనాథాశ్రమం చూసుకున్న ఇటలీ గురువు ఆర్లాటి 1924లో కొండ మీద మరియ మాత విగ్రహం పెట్టించారు, అంటే మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగిన ఏడాదే. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా ఉత్సవాల్లో జనం పోటెత్తుతారు. మనసు బాగోలేనివాళ్లకి ఆ మూడు రోజులూ నేను చెప్పను. మేం మామూలు మంగళవారం వెళ్లాం, ప్రశాంతంగా ఉంది. కింద కొవ్వొత్తులు, కొబ్బరికాయలు అమ్మేవాళ్లు కాస్త వెంటపడతారు. ఆటో బేరం ముందే మాట్లాడుకోండి. శిఖరం మీద సిలువ దాకా మెట్లున్నాయి కాని అమ్మ మోకాళ్లకి అది కుదిరే పని కాదు. మాత విగ్రహం ఉన్న గుహ దాకా వెళ్లి ఆగాం.

అక్కడ ఓ కుర్రాడు ఒళ్లో స్కానింగ్ కవరు పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు వస్తున్నారు, దణ్ణం పెట్టుకుని వెళ్తున్నారు. ఎవరూ ఎవర్నీ ఏ సంఘమని అడగడం లేదు. అమ్మ కిందికి వెళ్లి రెండు కొవ్వొత్తులు కొనుక్కొచ్చింది. ఒకటి వెలిగించి, రెండోది ఆ కుర్రాడి చేతికిచ్చింది. "ఎవరికి బాబూ?" అని అడిగింది. "మా ఆవిడకండీ" అన్నాడు. అమ్మ అతని పక్కనే కూర్చుని కళ్లు మూసుకుంది. బాగైపోతుందని మాత్రం అనలేదు.

ఏది మంచిదంటే, దుఃఖంలో ఉన్నవాళ్లకి నేను మెదక్కే చెప్తాను. అక్కడ మనల్ని మన మానాన వదిలేసే విశాలం ఉంది. ఒంటరితనం ఎక్కువగా బాధిస్తుంటే గుణదల. మనలాంటి వాళ్లే పక్కన కూర్చుని ఉంటారు.

ఇంటికొచ్చాక అప్పులు అలాగే ఉన్నాయి, నాన్న కుర్చీ ఖాళీగానే ఉంది. నిన్న అమ్మ ఆ కాయితం వెతికి మెదక్ పెద్దావిడకి ఫోన్ చేసింది. క్రిస్మస్‌కి గదులు దొరకవటగదా, ఒక రాత్రి మీ ఇంట్లో పడుకోవచ్చా అని అడిగింది. ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి నాన్న బైబిలు తీసి, కొంగుతో దుమ్ము తుడిచి ప్రయాణం సంచిలో పెట్టుకుంది.