నాలుగేళ్ల వెదురు కలం, పదకొండు పిల్లి అడుగులు

నా కలం మీద నాకు మూడున్నరేళ్లు కోపం ఉండేది. ఇప్పుడు లేదు. కాబట్టి ఈ సమీక్షలో సగం క్షమాపణే అనుకోండి.

వస్తువు గురించి వర్ణించడానికి పెద్దగా ఏమీ లేదు. జానెడు వెదురు పుల్ల, చెక్కిన మొన, మొనకు అంగుళంన్నర పైన దారం బిగించి కట్టిన గుడ్డ ఉండ. ఆ ఉండను రంగులో ముంచి, బొటనవేలితో మెల్లగా నొక్కితే మొనలోకి రంగు దిగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ అంతా ఈ పుల్లతోనే జరుగుతుంది. వెల ఎంత అని అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు. మొదటిది గురువుగారు ఇచ్చారు, తక్కినవి ఇంట్లో నేనే చెక్కుకున్నాను. మూడోది చెక్కుతున్నప్పుడు వేలు కూడా కొంత చెక్కుకున్నాను.

ఆరు నెలలు వాడిన ఉత్సాహంలో దీని గురించి తెలిసినవాళ్లందరికీ చాలా చెప్పాను. ఒక్క కలం జీవితాంతం వస్తుందన్నాను. ఖర్చు లేదన్నాను. గుడ్డ సిద్ధం చేసుకోవడానికి ఏ తంటాలూ పడనక్కరలేదు, కరక్కాయ పొడి, అంగట్లో దొరికే ప్యాకెట్ పాలు ఉంటే చాలన్నాను. ఇవన్నీ నేను అన్న మాటలే. వెనక్కి తీసుకుంటున్నానని అనను గానీ, ఒక్కొక్కటిగా మళ్లీ చూద్దాం.

తిరుపతిలో ఒక ముద్రణాలయంలో పెళ్లిపత్రికలు కూర్చడం నా ఉద్యోగం. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఏడు దాకా కంప్యూటర్ ముందే. మా పనిలో అన్నిటికంటే అరిగిపోయే మీటలు రెండు, కంట్రోలూ జెడ్డూ. పెళ్లికూతురి పేరులో దీర్ఘం ఉందంటారు, తీసేయమంటారు, పెదనాన్న అలిగారు, ఆయన పేరు చిన్నాన్న కంటే పైకి జరపమంటారు. ఒక్కో పెళ్లికి ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అని ఫైళ్లు పేరుకుపోతాయి. శ్రీవారికి పంపే తొలి పత్రిక మూలలకు పసుపు రాసే దాకా ఏదీ ఖాయం కాదు. చెడిందంటే వెనక్కి, ఇంకా చెడిందంటే ఇంకా వెనక్కి. పదకొండేళ్లుగా నా చేతికి తప్పంటే భయం లేదు. ఆ మాటకొస్తే ఒప్పంటే లెక్కా లేదు.

అలాంటి చేతికి కలం ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

కరక్కాయ నీళ్లూ పాలూ పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కసింతో గీయాలి. కసిం అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి వారాల తరబడి జాడీలో పులియబెట్టిన నల్లరంగు. చూడటానికి అదేమీ నల్లగా ఉండదు, పలుచటి టీ డికాక్షన్‌లా ఉంటుంది. గుడ్డ మీద పడ్డాక మీరు చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలితే పుట్టే నలుపు అది. పుట్టాక ఇక పోదు. చింతపుల్ల బొగ్గుతో వేసుకున్న చిత్తుగీతను దులిపేయవచ్చు, కసిం గీతను దులపలేరు, ఉతకలేరు, బతిమాలలేరు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ చేసేవాళ్లు గీయరు, చెక్క అచ్చులతో అద్దుతారు. అక్కడ తప్పంటూ ఉంటే అచ్చులోనే ఉంటుంది, చెక్కేటప్పుడే పట్టుకోవచ్చు. ఇక్కడ ప్రతి గీతా కొత్తగా పుట్టే తప్పే.

నాలుగేళ్లూ నన్ను కట్టిపడేసింది ఈ చెరగనితనమే. రాత్రి ఎనిమిదిన్నరకు బైరాగిపట్టెడలోని మా రెండు గదుల ఇంట్లో నేలమీద గుడ్డ పరుచుకుని కూర్చుంటే, పగలంతా మీటలు నొక్కిన చెయ్యి ఒక్క గీతకు ముందు ఊపిరి బిగపడుతుంది. ఆ ఊపిరి బిగింపు కోసమే కూర్చుంటాను. బొమ్మ బాగా వస్తుందా అంటే, సుమారుగా వస్తుంది. కాకపోతే ఈ అలవాటు ఉద్యోగంలోకి కూడా పాకింది. మీట నొక్కే ముందు ఆగుతున్నాను. మా యజమాని రెండుసార్లు నా వెనక నిలబడి, “ఆలోచిస్తున్నావా, నిద్రపోతున్నావా?” అని అడిగారు. కొనదలచినవారు దీన్ని లాభంలో రాసుకుంటారో నష్టంలో రాసుకుంటారో వారి ఇష్టం.

ఇక కోపం సంగతి. మొదటి నుంచీ నా గీత పాకేది. సన్నగా పడాల్సిన గీతకు అటూ ఇటూ నూగు మొలిచేది. కామధేనువు కంటిరెప్ప గీస్తే గొంగళిపురుగయ్యేది. తప్పు కలానిదేనని తేల్చేశాను. ఉండ వదులైందని విప్పి మళ్లీ చుట్టాను. నూలుగుడ్డ బదులు కంబళి ముక్క చుట్టాను. మొన మొద్దుబారిందని చెక్కాను, మరీ వాడిగా ఉందని అరగదీశాను. ఐదు కలాలు మార్చాను. కారుతుందని తేలిన వాటిని ఒక డబ్బాలో వేసి, మూతమీద ‘పనికిరానివి’ అని అందమైన అక్షరాలతో రాశాను. అక్షరాలు దిద్దడం నా వృత్తి కదా.

ఇక్కడ మేస్త్రి గురించి చెప్పాలి. మేస్త్రి మా పిల్లి. మూడేళ్ల మగపిల్లి, తెలుపు మీద బూడిద మచ్చలు. ఏ పనీ చేయకుండా ప్రతి పని దగ్గరా కూర్చుని చూస్తుంది కాబట్టి ఆ పేరు. పాలు పట్టించిన గుడ్డ అంటే దానికి ప్రాణం. ఆరేసినప్పుడు అంచులు నాకుతుంది, పరిచినప్పుడు మధ్యలో పడుకుంటుంది. మొదటి ఏడాది తోలేదాన్ని, తరువాత దాని చుట్టూ గీయడం నేర్చుకున్నాను.

మొన్న మేలో, తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో, మా పిన్ని కూతురి గృహప్రవేశానికని మూడు మీటర్ల గుడ్డ మీద కల్పవృక్షం వేస్తున్నాను. రెండు నెలల పని. కొమ్మలు, చిలుకలు, కింద ఆవూ దూడా అయ్యాయి, ఆకులు మిగిలాయి. మధ్యాహ్నం సెలవు పెట్టి మరీ కూర్చున్నాను. కొబ్బరిచిప్పలో కసిం. ఆవుతోక పక్కన మేస్త్రి.

వీధిలో డప్పులు మొదలయ్యాయి. తలుపు తీసే ఉంది. ఒళ్లంతా కుంకుమ పూసుకుని బండవేషం కట్టిన నలుగురు పిల్లలు గుమ్మంలో నిలబడి ఒక్కసారిగా కేక పెట్టారు. నేను చిల్లర కోసం లేచాను. ఎర్రటి ముఖాలు, డప్పులు, వేపమండలు, అన్నీ ఒక్క క్షణంలో చూసిన మేస్త్రి ఎగిరి కొబ్బరిచిప్పలో దూకింది. అక్కడి నుంచి పరుగు. ఆవుతోక దగ్గర మొదలుపెట్టి, చెట్టు మానును ఐమూలగా దాటి, పైకొమ్మ చిలుక మీదుగా బీరువా కిందకు. పిల్లలు నవ్వారు. నేను చిల్లర ఇచ్చి పంపి, వెనక్కి తిరిగి చూసేసరికి అడుగులు టీ రంగులో ఉన్నాయి. నేను చూస్తుండగా ఒక్కొక్కటే నల్లబడ్డాయి. మొదట తోక దగ్గరిది, చివరికి చిలుక మీదిది, వచ్చిన వరుసలోనే. పదకొండు. లెక్కపెట్టాను, చేయడానికి ఇంకేమీ లేక.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నా ఎడమచెయ్యి గాలిలో కంట్రోల్ జెడ్ నొక్కింది.

తరువాత చేసినవన్నీ చేయకూడనివి. తడిగుడ్డతో అద్దాను, నలుపు చెక్కుచెదరలేదు గానీ పక్కన ఇంకో మరక తేలింది. నిమ్మకాయ పులుపుకు తుప్పు మరక పోతుందని మా అమ్మ ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చి ఒక అడుగు మీద రసం పిండాను. అమ్మ మాట అబద్ధం కాదు, నలుపు పలచబడింది. కానీ అక్కడ కాలిన చపాతీ మచ్చలాంటిది మిగిలింది. ఒక మచ్చ ఇచ్చి ఇంకో మచ్చ తెచ్చుకునే బేరం కావడంతో పది అడుగులనూ ఉన్నచోటనే వదిలేశాను.

ఆదివారం గుడ్డ చుట్టుకుని కాళహస్తి బస్సెక్కాను. దారి పొడవునా గురువుగారికి పిల్లి కథ ఎలా చెప్పాలో సాధన చేశాను. రేణిగుంట దాటేసరికి జాతర పిల్లల సంఖ్య పదికి పెరిగింది, ఏర్పేడు దగ్గర నా కళ్లలో నీళ్లు కూడా చేరాయి. అంతా వృథా. గురువుగారు గుడ్డ పరిచి, కళ్లద్దాలు పైకి జరిపి, ఒక అడుగుకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగారు. చాలాసేపు చూశారు.

“ఏ పాలు వేశావమ్మా?”

“ప్యాకెట్ పాలండీ.”

“ఎన్నాళ్లుగా?”

“మొదటి నుంచీ.”

ఆయన గోటితో అడుగు అంచును చూపించారు. “పిల్లి కాలికి వెంట్రుకలుంటాయి నిజమే. మరీ ఇన్ని ఉండవు కదమ్మా.”

అప్పుడు చూశాను. అడుగు అంచు చుట్టూ సన్నటి నూగు. నా గీతలకు మూడున్నరేళ్లుగా మొలుస్తున్న నూగే. కలమే పట్టని పిల్లి గీసినా గీత పాకింది.

సంగతి ఇది. రంగు దారాల వెంట పాకకుండా పట్టి నిలిపేది పాలలోని కొవ్వు. అందుకే ఈ పనిలో గేదెపాలు వాడతారు. గేదెపాలలో కొవ్వు దాదాపు 7 శాతం ఉంటుంది, నేను తెచ్చే టోన్డ్ పాల ప్యాకెట్‌లో 3 శాతం. పైగా పొదుపు పేరుతో అందులో నీళ్లు కూడా కలిపేదాన్ని. ఈ మాట గురువుగారికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ‘పనికిరానివి’ డబ్బాలోని కలమొకటి సంచిలో ఉంటే తీసిచ్చాను. ఆయన తన గుడ్డ ముక్క మీద ఒక్క గీత లాగారు. తలవెంట్రుక పరిచినట్టు పడింది. కలం తిరిగి నా చేతిలో పెట్టి, టీ తాగుతావా అని అడిగారు. పిల్లి గురించి ఒక్క మాట అడగలేదు. నా కథ నా దగ్గరే మిగిలిపోయింది.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు బస్సులో డబ్బాలోని కలాలను తలుచుకుంటూ కూర్చున్నాను. మా పత్రికల పనిలోనూ అంతే, అక్షరం సరిగా పడకపోతే ముందు యంత్రాన్ని తిడతాం, తరువాత సిరాను, కాగితం సంగతి ఎవరికో చివరికి తడుతుంది. పదకొండేళ్లు ఆ పనిలోనే ఉండి ఈ చిన్న విషయం నాకు తట్టలేదు.

ఇప్పుడు వారానికొకసారి తెల్లవారుజామున అవిలాలలో గేదెలున్న ఒకరి ఇంటికి వెళ్లి అర లీటరు తెచ్చుకుంటున్నాను. పిండేటప్పుడు ఎదురుగా నిలబడతాను, అనుమానం అనుకున్నా సరే. గీత నిలుస్తోంది. మొన్న దూడ కంటిరెప్పలు ఒక్కొక్కటి విడిగా పడ్డాయి, అర్ధరాత్రి లేచి మళ్లీ చూసుకున్నాను. అయితే గేదెపాలు పట్టిన గుడ్డ ఆరేదాకా వచ్చే వాసన గురించి ముందే హెచ్చరించాలి. ఈగలు వస్తాయి. కింది వాటా అక్కయ్య పైకి వచ్చి, ఏమైనా చెడిపోయిందా అని అడుగుతుంది.

ఒక్క కలం జీవితాంతం వస్తుందన్న మాట కూడా కొంచెం సవరించాలి. వెదురు చాలాకాలం వస్తుంది. ఉండ రాదు, వానాకాలంలో బూజు పడుతుంది, విప్పి కొత్తది చుట్టుకోవాలి. రంగుకొక కలం వేరుగా ఉండాలి. కసిం కలాన్ని పొరపాటున కరక్కాయ పువ్వు పసుపులో ముంచితే ఆ పసుపంతా మురుగవుతుంది, అనుభవం మీద చెబుతున్నాను. కాబట్టి ‘ఒక్క’ కలం అన్నది ఆరు కలాలని చదువుకోండి. ఖర్చు లేదన్నది ఇప్పటికీ నిజమే, ఉతకడానికి పారే నీళ్లు మీ ఇంటి దగ్గర ఉంటే. బకెట్‌లో ముంచితే వదిలిన రంగు మళ్లీ ఆ గుడ్డకే పడుతుంది. స్వర్ణముఖిలో నీళ్లు పారే రోజులు ఏడాదికి ఎన్నో మా ప్రాంతంవాళ్లకు చెప్పనక్కరలేదు. నేను మేడ మీద గొట్టం పెట్టి ఉతుకుతాను, ఇంటి యజమాని ఊళ్లో లేనప్పుడు.

మీరు తీసుకోవచ్చా అంటే, రాత్రిళ్లు రెండు గంటలు మీవి అయితే, గేదెపాలు అందుబాటులో ఉంటే, తీసుకోండి. పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంటాను. త్వరగా బొమ్మ కావాలనుకునేవారికి మా కంప్యూటర్ చాలా మంచిది, నేను వెటకారంగా అనడం లేదు, గృహప్రవేశానికి చివరికి అందులో చేసి అచ్చు తీసిన కల్పవృక్షాన్నే చట్రం కట్టించి ఇచ్చాను. పిన్ని కూతురికి బాగా నచ్చింది. మరీ బాగా నచ్చింది.

అడుగులు పడ్డ గుడ్డను మాత్రం పారేయలేదు. ఉతికి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి బీరువా పక్కన మేస్త్రి కోసం పరిచాను. వాసన చూసి వెళ్లిపోయింది. ఉతికేసరికి పాలు పోయాయి కదా. అదిప్పుడు కొత్త గుడ్డ మీద, నిన్న నేను గీయడం మొదలుపెట్టిన చోట, పడుకుని ఉంది.