వేలమా, లిస్టింగా: అమెరికాలో పల్లె భూమి అమ్మేముందు

అయోవాలో మొక్కజొన్న పొలమైనా, మిస్సోరిలో జింకల వేటకు పనికొచ్చే అడవి చెక్కైనా అమ్మేముందు ఇదే టెన్షన్: వేలం వేయాలా, లేక ఏజెంటు ద్వారా ధర చెప్పి అమ్మకానికి పెట్టాలా (అదే లిస్టింగ్) అని.

ఖర్చు: లిస్టింగ్‌లో కమీషన్ ఎక్కువగా అమ్మేవాళ్ల మీదే. వేలంలో కొన్నిచోట్ల కొనేవాళ్లు పాట ధర మీద అదనంగా కొంత శాతం (ప్రీమియం) కడతారు.

సమయం: వేలం రోజే సంతకం, తరచుగా 10 శాతం అడ్వాన్సు, నెలా నెలన్నరలో డబ్బు. లిస్టింగ్ నెలల తరబడి సాగొచ్చు. కొనేవాళ్లకి లోన్ రాకపోతే మళ్లీ మొదటికే.

రిస్క్: అబ్సల్యూట్ వేలమైతే వచ్చిన ధరకి ఇచ్చేయాల్సిందే. రిజర్వు ధర, అంటే ఇంతకన్నా తక్కువకి అమ్మననే ధర, పెట్టుకోకుండా దిగొద్దనే నా సలహా.

కోతలయ్యాక గట్టు పక్క రైతులిద్దరు పోటీపడే నల్లమట్టి పొలానికి వేలమే మంచిది. వేట భూమి కొనేవాడు మాత్రం చాలాసార్లు ఊళ్లో ఉండడు. వాగు ఒడ్డున కెమెరాకి చిక్కిన కొమ్ముల జింక ఫొటో చూసి ఎక్కడో నగరం నుంచి వస్తాడు. అతని కోసం లిస్టింగ్ పెట్టి ఓపిక పట్టండి.